ఏ అడవి విత్తనం, ఎలాంటి నార: జామాయిల్ మూలస్థానాల మధ్య కలప నార తేడాలను కొలిచే పద్ధతి

జామాయిల్ కర్రను మిల్లు దగ్గర కాటా మీద టన్నుల లెక్కన తూస్తారు. ఆ కర్రలోంచి ఎంత గుజ్జు వస్తుందో, ఆ గుజ్జుతో చేసిన కాగితం ఎంత లాగుడుకు తట్టుకుంటుందో కాటా చెప్పదు. ఆ సంగతి కలపలోని నారను, అంటే దాని పొడవు, లావు, గోడ మందం, లోపలి బోలు వెడల్పును చూస్తే కొంతవరకు తెలుస్తుంది. ఒకే జాతి చెట్లయినా విత్తనం ఏ అడవి నుంచి వచ్చిందన్న దాన్ని బట్టి, అంటే దాని మూలస్థానాన్ని బట్టి, ఈ గుణాలు మారవచ్చు. ఆ తేడా నిజంగా ఉందా, ఉంటే ఎంత, దాన్ని నమ్మి మొక్కలను ఎంచుకోవచ్చా అన్న ప్రశ్నలకు జవాబు రాబట్టే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. అటవీశాస్త్ర విద్యార్థులను, నర్సరీల్లో మొక్కల ఎంపిక చూసేవారిని, పాత ప్రయోగ తోట చేతిలో ఉండి దానితో ఏం చేయవచ్చో ఆలోచిస్తున్నవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ఈ పని చెడితే ఎక్కువగా తోటలోనే, నమూనా తీసే చోటే చెడుతుంది. ఒక్క చెట్టులోనే దవ్వ (కాండం నట్టనడుమ ఉండే మెత్తటి భాగం) దగ్గరి నారకు, బెరడు దగ్గరి నారకు మధ్య ఉండే తేడా, రెండు మూలస్థానాల సగటుల మధ్య ఉండే తేడా కంటే చాలాసార్లు పెద్దది. అందుచేత నమూనాను ఎక్కడి నుంచి తీశామో పట్టించుకోకుండా కొలిచిన అంకెలు మూలస్థానం గురించి ఏమీ చెప్పలేవు.

నార అంటే ఏది, మూలస్థానం అంటే ఏది

ఇక్కడ నార అంటే గోగునార, జనపనార వంటి బెరడు నార కాదు. కలపలోనే, చెట్టు నిలువునా సాగి, రెండు చివరలా మొనదేలి, మందమైన గోడతో ఉండే కణాన్ని నారపోగు అంటున్నాము. జామాయిల్‌లో దీని పొడవు సాధారణంగా 0.6 నుంచి 1 మిల్లీమీటరు వరకు, లావు మిల్లీమీటరులో వందో వంతు కంటే కొంచెం ఎక్కువగా ఉంటుంది. గోడలు పలచగా, బోలు వెడల్పుగా ఉన్న పోగు కాగితం తయారీలో నొక్కుకుపోయి, పక్క పోగును గట్టిగా అంటుకుంటుంది. మందపాటి గోడలున్న పోగు గుండ్రంగానే ఉండిపోయి, కాగితాన్ని గుల్లగా, దళసరిగా చేస్తుంది. ఏది మంచిది అన్నది చేయదలచిన కాగితాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, కొలత మొదలుపెట్టక ముందే ఆ ప్రశ్న తేల్చుకోవాలి.

మూలస్థానం అంటే విత్తనం మొదట సహజంగా పెరిగిన అడవి. మధ్యలో ఏ నర్సరీ గుండా వచ్చిందన్నది దీనిలోకి రాదు. మన దగ్గర జామాయిల్ పేరుతో నాటుతున్న చెట్లకు ఆధారమైన జాతులు ప్రధానంగా రెండు: యూకలిప్టస్ టెరెటికార్నిస్, యూకలిప్టస్ కమాల్డ్యులెన్సిస్. మొదటిది పాపువా న్యూగినీ నుంచి ఆస్ట్రేలియా దక్షిణాన విక్టోరియా వరకు తూర్పు అంచున పొడుగునా వ్యాపించి ఉంది. రెండోది ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో నదుల ఒడ్డున దాదాపు అన్నివైపులా కనిపిస్తుంది. దానికి 1832లో శాస్త్రీయ నామం పెట్టింది మాత్రం ఇటలీలో నేపుల్స్ దగ్గరి కమాల్డోలి తోటలో పెరిగిన చెట్టును చూసి. ఇంత విస్తీర్ణంలో పెరిగే జాతి అంతటా ఒకేలా ఉండదు. క్వీన్స్‌ల్యాండ్‌లోని పెట్‌ఫర్డ్, నార్తర్న్ టెరిటరీలోని కేథరిన్ ప్రాంతాల విత్తనం వేసవి వానలున్న ఉష్ణమండల దేశాల్లో బాగా పెరిగింది. విక్టోరియాలోని లేక్ అల్బకుట్యా విత్తనం చలికాలపు వానలున్న మధ్యధరా దేశాల్లో పేరు తెచ్చుకుంది. పెరుగుదలలోనే ఇంత ఎడం ఉన్నప్పుడు కలపలో కూడా ఉండవచ్చని అనుమానించడం సహజమే. కానీ అనుమానాన్ని కొలతగా మార్చాలి.

మన దేశంలో ఇంకో చిక్కు ఉంది. మైసూరు గమ్ అని పిలిచే స్థానిక రకం 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాన్ హయాంలో నంది కొండల మీద నాటిన చెట్ల నుంచి వచ్చిందని చెబుతారు. అది ఎక్కువగా టెరెటికార్నిసే అయినా, అనేక తరాలుగా పక్కపక్కన పెరిగిన ఇతర జాతులతో కలిసిన కలగాపులగం. ప్రయోగ తోటల్లో దీన్ని పోలిక కోసం పెడతారు. అలా పెట్టవచ్చు కానీ, ఈ స్థానిక రకం లోపలే చెట్టుకూ చెట్టుకూ తేడా హెచ్చుగా ఉంటుందని ముందే లెక్కలోకి తీసుకోవాలి.

ఎక్కడ కొలవాలి

సహజ అడవులకే వెళ్లి అక్కడి చెట్ల నార కొలిస్తే, కనిపించే తేడాలో విత్తనం వాటా ఎంత, నేల, నీరు, వయసుల వాటా ఎంత అన్నది విడదీయడం సాధ్యం కాదు. బనగానపల్లె మామిడి అంటును వేరే జిల్లాలో నాటితే కాయ రుచిలో వచ్చే మార్పు అంటుదా, నేలదా అని వాదించుకున్నట్టే ఉంటుంది. అందుచేత అన్ని మూలస్థానాల విత్తనాన్ని ఒకే నేలలో, ఒకే రోజుల్లో, ఒకే ఎడంతో నాటిన తోట ఉండాలి. ఆ తోటను కొన్ని ఖండాలుగా విడగొట్టి, ప్రతి ఖండంలోనూ ప్రతి మూలస్థానానికి ఒక మడిని చీటీ వేసి కేటాయించి ఉండాలి. పొలంలో ఒక వైపు నల్లరేగడి, ఇంకో వైపు చెలక ఉంటే, ఖండాలు ఆ తేడాను విడిగా పట్టుకుంటాయి.

తోటలోకి వెళ్లగానే చూడవలసిన మొదటి సంగతి, అది ఒకసారి నరికిన తోటా, కాదా అన్నది. జామాయిల్ మోడు నుంచి పిలకలు వేస్తుంది. ఆ పిలక కాండానికి వయసు నరికిన నాటి నుంచే లెక్క. మొదటి పంట చెట్లనూ పిలక చెట్లనూ కలిపి కొలవకూడదు. రెండో సంగతి వంపు. వాలి పెరిగిన జామాయిల్ పై వైపున, చెట్టును నిటారుగా లాగడానికి ప్రత్యేకమైన కలపను పెంచుకుంటుంది. అందులోని నార గోడ లోపల జిగురులాంటి పొర ఉండి, కొలతలన్నిటినీ పక్కదారి పట్టిస్తుంది. కాబట్టి వాలిన చెట్లు, రెండుగా చీలిన చెట్లు, తోట అంచున ఎండా గాలీ ఎక్కువ తగిలే చెట్లు వదిలేసి, మిగిలినవాటిలోంచి చీటీ వేసి తీసుకోవాలి. "మంచి చెట్టు" అనిపించినదాన్ని ఏరుకుంటే, మూలస్థానం సగటు బదులు మన కంటి ఇష్టమే లెక్కకు వస్తుంది.

ఎన్ని చెట్లు, ఎన్ని పోగులు

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు తక్కువ చెట్లను తీసుకుని ఒక్కో చెట్టు నుంచి వంద, నూటయాభై పోగులు ఓపిగ్గా కొలుస్తారు. ఆ ఓపిక వృథా. ఊహించిన అంకెలతో లెక్క వేసి చూద్దాం. ఒకే మూలస్థానంలో చెట్ల మధ్య ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ అంకెలు ఎంత చెదిరాయో చెప్పే కొలత) 0.05 మిల్లీమీటర్లు, ఒకే చెట్టులోని పోగుల మధ్య 0.15 మిల్లీమీటర్లు అనుకుందాం. ఐదు చెట్లు, చెట్టుకు 100 పోగులు కొలిస్తే మూలస్థానపు సగటులో ప్రామాణిక దోషం, అంటే ఆ సగటు అటూ ఇటూ ఎంత తప్పవచ్చో చెప్పే అంకె, దాదాపు 0.023 మిల్లీమీటర్లు వస్తుంది. ఇరవై చెట్లు, చెట్టుకు 25 పోగులు కొలిస్తే అది 0.013కు దిగుతుంది. రెండింటిలోనూ కొలిచినవి 500 పోగులే, సూక్ష్మదర్శిని ముందు కూర్చునే గంటలు కూడా అంతే. దోషం మాత్రం సగానికి దగ్గరగా తగ్గింది. కాబట్టి చేతనైనంతవరకు చెట్లను పెంచి, చెట్టుకు 25 లేక 30 పోగులతో ఆపడం మేలు.

చెట్టు నుంచి నమూనా

ఛాతీ ఎత్తున, అంటే నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర, అన్ని చెట్లకూ ఒకే దిక్కు నుంచి నమూనా తీయాలి. తోటను ఎలాగూ నరుకుతుంటే ఆ ఎత్తులో బిళ్ల కోయించుకోవచ్చు. చెట్టు నిలిచి ఉండాలంటే బోరుతో కలప కడ్డీ తీయాలి. అది సన్నటి గొట్టపు మరచుట్టు లాంటి పనిముట్టు. చేత్తో తిప్పుతూ పోతే బెరడు నుంచి దవ్వ దాకా కలపను కడ్డీలా కోసి తెస్తుంది. జామాయిల్ గట్టి కలప కావడంతో మొద్దుబారిన బోరు మధ్యలో పట్టేస్తుంది. ముందు కొస పదును చూసుకుని, బయటి మరలకు సబ్బు రాసి, ఆపకుండా తిప్పాలి.

ఈ కడ్డీ వ్యాసం ఎంత ఉండాలన్నది చిన్న విషయంలా కనిపించినా, పొడవు కొలతలో పెద్ద తప్పుకు దారి తీస్తుంది. నారపోగులు చెట్టు నిలువునా ఉంటాయి, కడ్డీ అడ్డంగా వస్తుంది. కనుక కడ్డీ పైనా కిందా పోగులు తెగుతాయి. 5 మిల్లీమీటర్ల కడ్డీ సరిగ్గా మధ్యలోంచి తీసిన చీలికలో, 0.8 మిల్లీమీటర్ల పోగులైతే నాలుగో వంతుకు పైగా ఏదో ఒక చివర తెగి ఉంటాయి. 12 మిల్లీమీటర్ల కడ్డీలో ఆ వాటా ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. తెగినవాటిని వదిలేసి నిండు పోగులే కొలుస్తాం కదా అనవచ్చు. కానీ పొడుగు పోగు తెగే అవకాశం పొట్టి పోగు కంటే ఎక్కువ. దాంతో వదిలేసినవాటిలో పొడుగువే ఎక్కువై, సగటు తగ్గుతుంది. ఒకే వ్యాసం కడ్డీలతో అన్ని మూలస్థానాలనూ కొలిస్తే పోలిక చాలావరకు నిలుస్తుంది. కొన్నింటిని బిళ్లలతో, కొన్నింటిని సన్న కడ్డీలతో కొలిస్తే నిలవదు.

కడ్డీ బయటికి వస్తుండగానే పై వైపు ఏదో పెన్సిల్ గీతతో గుర్తు పెట్టాలి. తరవాత చీలిక తీసేటప్పుడు నార దిక్కు తెలియాలంటే అదొక్కటే ఆధారం. చెట్టు సంఖ్య కూడా పెన్సిల్‌తోనే రాయాలి. ఒకసారి నేను పెన్ను సిరాతో రాసిన చీటీలు ఆమ్లపు ఆవిరికి వెలిసిపోయి, రెండు రోజుల తరవాత ఇరవై నాలుగు పరీక్షనాళికలు పేరులేని అనాథలై నా ముందు నిలబడ్డాయి. వాటిని పారబోసి, మళ్లీ తోటకు వెళ్లవలసి వచ్చింది.

దవ్వ నుంచి బెరడు దాకా

మన వాతావరణంలో జామాయిల్‌లో ఏటేటా వలయాలు స్పష్టంగా పడవు. టేకులో లెక్కపెట్టినట్టు వలయాలు లెక్కపెట్టి వయసు చెప్పడం కుదరదు. అందుచేత వ్యాసార్ధాన్ని మూడు సమాన భాగాలు చేసి, ప్రతి భాగం మధ్యలోంచి చీలిక తీయడం ఆచరణకు అనువైన దారి.

మూడు భాగాల కొలతలు వచ్చాక వాటిని కలిపి మూడుతో భాగిస్తే చెట్టు సగటు రాదు. బయటి భాగంలో ఉండే కలప లోపలి భాగం కంటే చాలా ఎక్కువ. వ్యాసార్ధాన్ని మూడు సమాన ముక్కలు చేస్తే వాటి వైశాల్యాలు 1, 3, 5 నిష్పత్తిలో ఉంటాయి. ఉదాహరణకు లోపలి నుంచి వరసగా 0.62, 0.74, 0.86 మిల్లీమీటర్ల పొడవు వచ్చిందనుకుందాం. మామూలు సగటు 0.74. వైశాల్యాన్ని బట్టి బరువు ఇస్తే మొదటిది ఒకసారి, రెండోది మూడుసార్లు, మూడోది ఐదుసార్లు లెక్కకు వచ్చి, మొత్తాన్ని తొమ్మిదితో భాగించాక 0.79 వస్తుంది. మిల్లులోకి వెళ్లే కర్రలో నిజంగా ఉండే సగటు ఈ రెండోదే.

ప్రతి చెట్టుకూ మూడు చోట్ల కొలిచే తీరిక లేకపోతే, నాలుగో వంతు చెట్లలో మూడు భాగాలూ కొలిచి, మిగిలినవాటిలో బయటి భాగం ఒక్కటే కొలవడం నా అలవాటు. ఒకే వయసు తోటలో బెరడు పక్కన ఉన్న కలప అన్ని చెట్లలోనూ ఒకే వయసులో పుట్టినది కాబట్టి, లావు చెట్టుకూ సన్న చెట్టుకూ మధ్య పోలిక అక్కడ న్యాయంగా ఉంటుంది. దవ్వ నుంచి ఇన్ని సెంటీమీటర్లు అని లెక్కపెట్టి తీస్తే, వేగంగా పెరిగిన చెట్టులో రెండో ఏటి కలపనూ, నెమ్మదిగా పెరిగిన చెట్టులో నాలుగో ఏటి కలపనూ పోల్చే ప్రమాదం ఉంది.

పోగులను విడదీయడం

అగ్గిపుల్ల మందంలో, నార దిక్కున చీల్చిన ముక్కను పరీక్షనాళికలో వేసి, 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం సమపాళ్లలో కలిపిన ద్రావణం మునిగేలా పోయాలి. 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒకటి రెండు రోజులు ఉంచితే, పోగులను అంటిపెట్టుకున్న లిగ్నిన్ కరిగిపోయి ముక్క తెల్లబడుతుంది. ఉడికిన అన్నం మెతుకు లాగా సూదితో తాకగానే విడిపోయే స్థితి వస్తే చాలు. అంతకు మించి ఉంచితే పోగులే పెళుసుబారి విరుగుతాయి. పెద్ద మంట మీద తొందరపెట్టి వేడి చేయకూడదు.

ఈ ద్రావణం చర్మాన్ని తాకిన చోట తెల్లగా కాలుతుంది, ఆవిరి కళ్లను మండిస్తుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, పొగ లాగే అరలోనే పని చేయాలి. నాళిక మూత బిగించకూడదు, లోపల వాయువు పుట్టి పగలవచ్చు. మిగిలిన ద్రావణాన్ని దాచుకోకుండా, ఎక్కువ నీళ్లతో పలచన చేసి పారబోయాలి. ముక్క తెల్లబడ్డాక ఆమ్లం వాసన పోయేదాకా నాలుగైదుసార్లు నీళ్లతో కడిగి, కొంచెం నీళ్లలో మెల్లగా కుదిపితే పోగులు విడిపోయి తేలతాయి. సాఫ్రనిన్ రంగు కొద్దిగా వేసి, గ్లిజరిన్ చుక్కలో స్లైడు మీద పరవాలి.

సూక్ష్మదర్శిని ముందు

కంటి కటకంలోని స్కేలు గీతలకు సొంత విలువ ఉండదు. ఒక మిల్లీమీటరును వంద భాగాలు చేసిన ప్రామాణిక స్లైడును కింద పెట్టి ప్రతి కటకానికీ విలువ కట్టుకోవాలి. నాలుగు రెట్ల కటకం కింద మిల్లీమీటరుకు 40 గీతలు వస్తే, ఒక గీత 25 మైక్రాన్లు. అప్పుడు 31 గీతల పోగు 775 మైక్రాన్లు, అంటే 0.775 మిల్లీమీటర్లు. నలభై రెట్ల కటకానికి మారితే అదే గీత 2.5 మైక్రాన్లు అవుతుంది. సూక్ష్మదర్శిని మారినా, కటకం మారినా ఈ పని మళ్లీ చేయాలి.

ఏ పోగును కొలవాలన్న దానికీ నియమం కావాలి. కనిపించిన వాటిలో స్పష్టంగా ఉన్నదాన్ని పట్టుకుంటూ పోతే కన్ను తనకు తెలియకుండానే పొడుగు పోగులను ఏరుతుంది. స్లైడు మీద వరసగా చోట్లు మార్చుకుంటూ, ఎడమ చివర ఆ చోటు లోపల పడిన నిండు పోగులన్నిటినీ కొలిచి, కుడి చివర మాత్రమే లోపలికి వచ్చినవాటిని వదిలేయాలి. అప్పుడు పొడుగు పోగుకూ పొట్టి పోగుకూ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉంటుంది. జామాయిల్‌లో ఇంకో మెలకువ అవసరం. దారునాళాల (నీటిని పైకి మోసే గొట్టాల) చుట్టూ నారలాగే కనిపించే పొట్టి కణాలు ఉంటాయి. వాటి గోడల నిండా గుంటలు ఉంటాయి, ఆకారం కొంచెం వంకరగా ఉంటుంది. వాటిని నారపోగులుగా లెక్కపెడితే సగటు పడిపోతుంది.

లావు, బోలు వెడల్పు పోగు మధ్యలో కొలుస్తారు. గోడ మందం నేరుగా కొలవకుండా, లావులోంచి బోలు వెడల్పు తీసేసి సగం చేస్తారు. వీటి నుంచి మూడు నిష్పత్తులు వస్తాయి. గోడ మందానికి రెండింతలను బోలు వెడల్పుతో భాగిస్తే రుంకెల్ నిష్పత్తి. ఇది ఒకటి కంటే తక్కువైతే కాగితానికి అనువైన నార అంటారు. పొడవును లావుతో భాగిస్తే సన్నదనం. బోలు వెడల్పు లావులో ఎంత శాతమో అది వంగే గుణం.

ఈ రుంకెల్ నిష్పత్తి దగ్గర జాగ్రత్త. నలభై రెట్ల కటకం కింద ఒక పోగు లావు 6 గీతలు, బోలు 3 గీతలు ఉందనుకుందాం. లావు 15 మైక్రాన్లు, బోలు 7.5, గోడ 3.75. నిష్పత్తి సరిగ్గా ఒకటి. బోలును అర గీత ఎక్కువగా చదివామంటే నిష్పత్తి 0.71కి పడుతుంది. అర గీత తక్కువగా చదివితే 1.4కు ఎగురుతుంది. అంటే మన కంటి అర గీత పొరపాటు ఒకే పోగును "మంచి నార" నుంచి "పనికిరాని నార" దాకా తిప్పగలదు. అందుకే వెడల్పులను వంద రెట్ల నూనె కటకం కింద కొలవడం, లేదా ఫొటో తీసి ఉచితంగా దొరికే ఇమేజ్‌జే వంటి సాఫ్ట్‌వేర్‌లో తెర మీద కొలవడం మంచిది. ప్రతి పోగుకూ నిష్పత్తి కట్టి వాటిని సగటు చేసే బదులు, చెట్టు సగటు గోడ మందం, సగటు బోలు వెడల్పు తీసుకుని ఒక్కసారి నిష్పత్తి కట్టాలి. సన్న బోలున్న రెండు మూడు పోగులు సగటును అడ్డంగా లాగడం అప్పుడు తగ్గుతుంది. ఎవరైనా రుంకెల్ నిష్పత్తిని రెండు దశాంశాలకు ఇచ్చి మూలస్థానాలకు ర్యాంకులు కడితే, ఏ కటకంతో కొలిచారని ముందు అడుగుతాను.

సాంద్రత

నార కొలతకు తోడుగా మూల సాంద్రత తప్పక కొలవాలి, అది తేలిక కూడా. కలప ముక్కను పూర్తిగా నీరు పీల్చే దాకా నానబెట్టి, తక్కెడ మీద నీళ్ల గిన్నె పెట్టి అంకెను సున్నా చేసి, ముక్కను సూదికి గుచ్చి గిన్నె అడుగునూ అంచులనూ తాకకుండా ముంచితే, తక్కెడ చూపే గ్రాములే ముక్క ఘనపరిమాణం ఘన సెంటీమీటర్లలో. తరవాత 103 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి తూయాలి. ఘనపరిమాణం 12.4, ఆరిన బరువు 6.2 గ్రాములు అయితే సాంద్రత 0.5, అంటే ఘనమీటరుకు 500 కిలోలు. పచ్చి కర్రను కాటా మీద తూసినప్పుడు ఇందులో నీటి బరువు కూడా కలిసిపోతుంది. ఏ మూలస్థానం కర్ర "బరువు" అన్న రైతు మాటను కాటా చీటీతో కాక ఈ కొలతతో పరీక్షించాలి.

అంకెలను విడదీయడం

ఎనిమిది మూలస్థానాలు, నాలుగు ఖండాలు, మడికి ఐదు చెట్లు ఉన్న తోటను తీసుకుందాం. మొత్తం 160 చెట్లు. చెట్టుకు మూడు చోట్ల, చోటుకు 25 పోగులు కొలిస్తే 12,000 అంకెలు చేతికి వస్తాయి. ఈ పన్నెండు వేలనూ స్వతంత్రమైన కొలతలుగా కంప్యూటర్‌కు ఇస్తే ఏ చిన్న తేడా అయినా ప్రాముఖ్యం ఉన్నట్టు చూపిస్తుంది. ఈ రంగంలో నేను తరచుగా చూసే తప్పు ఇదే. ఒకే చెట్టులోని 75 పోగులు 75 సాక్షులు కావు, ఒకే సాక్షి 75 సార్లు చెప్పిన మాట.

ముందు ప్రతి చెట్టుకూ ఒకే సగటు కట్టాలి. అప్పుడు 160 అంకెల విస్తృతిని విడగొట్టే పట్టికలో స్వతంత్ర విలువల సంఖ్య మూలస్థానాలకు 7, ఖండాలకు 3, ఈ రెండింటి కలయికకు 21, మడి లోపలి చెట్లకు 128గా పంచుకుంటుంది. మూలస్థానాల సగటు వర్గాన్ని (వాటి వర్గాల మొత్తాన్ని స్వతంత్ర విలువల సంఖ్యతో భాగిస్తే వచ్చేది) చెట్ల దోషంతో కాక, మూలస్థానం, ఖండాల కలయిక సగటు వర్గంతో భాగించి పరీక్షించాలి. 7, 21 విలువలకు 5 శాతం స్థాయిలో ఆ నిష్పత్తి 2.49 దాటితేనే మూలస్థానాల మధ్య తేడా ఉందని చెప్పవచ్చు. ఆ తరవాత మొత్తం విస్తృతిలో మూలస్థానాల వాటా ఎంత, ఒకే మూలస్థానంలోని చెట్ల వాటా ఎంత అని విడిగా లెక్క కట్టాలి. నా దృష్టిలో మొత్తం పనికి అసలు జవాబు ఈ వాటాలే.

చెట్ల వాటా మూలస్థానాల వాటా కంటే పెద్దదిగా రావడం మామూలే. అలా వస్తే "మూలస్థానం పనికిరాదు" అని అర్థం చేసుకోకూడదు. ముందు మంచి మూలస్థానాలు రెండు మూడు ఎంచి, వాటి లోపల మంచి చెట్లను ఏరి, వాటి పిలకలతో క్లోన్లు (జన్యువుల్లో అచ్చం తల్లి చెట్టులాగే ఉండే మొక్కలు) కట్టాలన్నదే దాని సూచన. భద్రాచలం దగ్గర సారపాక మిల్లు వారు 1989లో జామాయిల్ ఎంపిక మొదలుపెట్టిన తరవాత క్లోన్ల దారి మన ప్రాంతంలో బలపడింది. ఇప్పుడు రైతులు నర్సరీలో జాతి పేరు అడగకుండా 413, 526 అంటూ నంబర్లతోనే మొక్కలు అడుగుతారు. క్లోన్ తోటలోనైతే చెట్ల మధ్య జన్యు తేడా ఉండదు కాబట్టి, అక్కడ కనిపించే విస్తృతి దాదాపుగా నేలది, ఎడానిది, కొలతది. కొత్త విద్యార్థి చేతి కొలత ఎంత నమ్మదగినదో చూడాలంటే ముందు ఒక క్లోన్ మడిలో అభ్యాసం చేయించడం చవకైన పరీక్ష.

ఫలితాన్ని చదివేటప్పుడు

మూలస్థానాల సగటులను వాటి అక్షాంశంతోనో, వానతోనో జోడించి గీత గీయాలనే ఆకర్షణ అందరికీ ఉంటుంది. ఎనిమిది చుక్కలున్న చిత్రంలో ఒక్క దూరపు చుక్క మొత్తం గీతను తన వైపు లాగగలదు. ఆ చుక్కను తీసేసి మళ్లీ గీసి చూడాలి. గీత అలాగే నిలిస్తే అప్పుడు కారణాల గురించి మాట్లాడవచ్చు. వేగంగా పెరిగే చెట్టు కలప తప్పనిసరిగా గుల్ల అనే నమ్మకాన్ని కూడా పక్కన పెట్టి, చుట్టుకొలతకూ సాంద్రతకూ సంబంధాన్ని మూలస్థానాల మధ్య ఒకసారి, ఒక్కో మూలస్థానం లోపల ఇంకోసారి చూడాలి. ఈ రెండు సంబంధాలూ వేర్వేరు దిక్కుల్లో ఉండవచ్చు.

ఒక్క తోట ఫలితంతో నాటే సిఫార్సు చేయకూడదు. ఎర్ర చెలకలో ముందున్న మూలస్థానం నల్లరేగడిలో వెనకబడవచ్చు. నార గుణాల్లో వరస మారకుండా సాంద్రతలో మాత్రం మారవచ్చు. రెండో తోట సిద్ధంగా లేకపోతే మొదటి తోటలో ఒక్కో కడ్డీలో సగం ముక్కను ఆరబెట్టి, పెన్సిల్ చీటీతో కాగితం సంచిలో కట్టి దాచాలి. రెండో తోట కొలతకు వచ్చిన రోజున అదే మనిషి, అదే కటకంతో పాత ముక్కల్లోంచి పదింటిని మళ్లీ కొలిచి, పాత అంకెలతో సరిపోయాయో లేదో చూసుకున్న తరవాతే కొత్త ముక్కలను నాళికల్లో వేయాలి.